పిచ్చుక నిద్ర

ఆ వేసవి మొదటి షో నాడు మా వంటింట్లో గరిటెలు వాటంతటవే మోగాయి. గోడకి కొట్టిన మేకులకి వరసగా వేలాడుతుంటాయి కదా, ఒకదానికొకటి తగులుకుని టింగుటింగుమన్నాయి. స్టవ్ దగ్గరున్న మా అత్తయ్య గభాల్న వెనక్కి తిరిగి, "భూకంపమే అమ్మాయ్!" అంది.

"కాదత్తయ్యా, బ్యాండు" అన్నాను.

మా ఇంటికీ స్టేడియానికీ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. మాది రెండో అంతస్తు. హాలు కిటికీ తెరిస్తే స్టేడియం గోడా, దాని వెనక ఎత్తుగా లైటు స్తంభాలూ కనిపిస్తాయి. ఆటలున్న రోజుల్లో గోలు పడితే గోల, పడకపోతే అంతకన్నా గోల. దానికి మేం ఎప్పుడో అలవాటు పడిపోయాం. అరుపుల్ని బట్టి ఎవరు గెలిచారో వంటింట్లోంచే చెప్పేసేది అత్తయ్య. ఆ ఏడు మాత్రం మైదానంలో గడ్డి చెడిపోయిందని ఆటల్ని ఇంకో చోటికి మార్చారు. ఊరికే ఖాళీగా పెట్టడమెందుకని ఎండాకాలం పొడుగునా సంగీతం షోలు పెట్టారు. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. పొద్దున్నే బయల్దేరే మొదటి బస్సు ఆయనదే. సెలవు వారం మధ్యలో ఎప్పుడో. తెల్లారకముందే డిపోలో ఉండాలి కాబట్టి చిన్నపిల్లలు పడుకునే వేళకే పడుకుంటాడు. "డ్రైవరుకి నిద్ర చాలకపోతే ముప్పు ఒక్కడికి కాదు, బస్సెడు మందికి" అనేవాడు. అబద్ధమేం కాదు. ఆ మొదటి షో రోజున దిండు చెవుల మీద అదుముకున్నాడు. మంచం దిగి వంటింట్లో చాప వేసుకున్నాడు. అక్కడ గరిటెలు. చివరికి దుప్పటి కప్పుకుని బాత్రూంలో స్టూలు మీద కూచున్నాడు. మర్నాడు చింతనిప్పుల్లాంటి కళ్లతో డ్యూటీకి వెళ్లాడు.

అత్తయ్య సంగతి వేరు. రెండో షో నాటికే ఆవిడ మడత కుర్చీ చంకన పెట్టుకుని డాబా ఎక్కేసింది.

"అమ్మా, నేనిక్కడ ఛస్తుంటే నువ్వు పాటలు వినడానికి పోతావా? నువ్వు మా పార్టీనా వాళ్ల పార్టీనా?" అన్నాడు మా ఆయన.

"ఎలాగూ నిద్ర రాదు. నిద్ర రానప్పుడు ఏడుస్తూ పడుకోవడం కన్నా వింటూ కూచోవడం మేలు కదరా" అని చక్కా పోయింది.

ఆ మోతకి చెక్కు చెదరకుండా నిద్రపోయేది ఇంట్లో ఒక్కతే, మా పిచ్చుక.

మా పాపకి అప్పుడు మూడేళ్లు నిండబోతున్నాయి. ఒక్కచోట నిలవదని అత్తయ్య పిచ్చుక అని పిలిచేది. మేమూ అలాగే పిలిచేవాళ్లం. కిచకిచలు మాత్రం లేవు. దాని నోట్లో ఉన్నవి అరకొర మాటలు: "మ్మ", "ఇయ్", "పో". నేనెప్పుడైనా బెంగ పడితే అత్తయ్య కొడుకుని చూపించేది. "వీడు మాత్రం? నాలుగో ఏడు దాకా మూగనోము పట్టాడు. మొదలెట్టాక ఇదిగో, ఇప్పటిదాకా ఆపిన పాపాన పోలేదు." అందరం నవ్వేసి ఊరుకునేవాళ్లం.

నాది కుట్టుపని. హాల్లో కిటికీ పక్కనే నా మెషిను. మామూలుగా వేసవిలో స్కూలు యూనిఫారాలు కుడతాను. ఆ ఏడు వీధి వీధంతా నా దగ్గరికి ఒకటే పని మీద వచ్చింది. మందంగా ఉండే కర్టెన్లు కావాలి, లోపల ఇంకో పొర వేసి కుట్టాలి, శబ్దం లోపలికి రాకూడదు. "గుడ్డ అడ్డం పెడితే శబ్దం ఆగుతుందా?" అని నేనే అడిగేదాన్ని. "ఆగకపోయినా ఏదో ఒకటి చేశామన్న తృప్తి ఉంటుందమ్మా" అనేవాళ్లు. హాలంతా నల్లవీ బూడిదరంగువీ గుడ్డల గుట్టలు. పిచ్చుక వాటిలో దూరి దాక్కునేది.

మా భవనానికి పెద్దదిక్కు మైకు బాబాయ్. ఆయన అసలు పేరు వాళ్లావిడకైనా గుర్తుందో లేదో. రిటైరైన డ్రిల్లు మాస్టారు. కింద నిలబడి "నీళ్లొచ్చాయి" అంటే చాలు, పై అంతస్తుల్లో బకెట్లు లేచేవి. అలాంటి మనిషి శబ్దం మీద పోరాటానికి నాయకుడయ్యాడు. మెట్ల కింద మీటింగులు పెట్టి ఊరి మున్సిపల్ ఆఫీసుకి ఫిర్యాదు రాయించాడు. మా ఆయన ఆయనకి కుడిభుజం. స్టేడియం గేటు ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడటం దగ్గర్నుంచి అన్నిటికీ ముందుండేవాడు.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి బయటపడింది. మా కింద అంతస్తులో చిన్న గది అద్దెకి తీసుకున్న అమ్మాయి డ్రమ్స్ వాయిస్తుందని మాకు ముందే తెలుసు. గదిలో రబ్బరు పలకల మీద సాధన చేసుకునేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. అయితే ఆ వేసవి షోల్లో పెద్ద బృందాలు వచ్చేముందు వాయించేది ఆ అమ్మాయి బ్యాండేనట. ఒక సాయంత్రం మెట్ల మీద మా ఆయన ఆమెని పట్టుకున్నాడు. నేను పాపతో వెనకే ఉన్నాను.

"ఆ డమడమలు నువ్వేనా?"

"నేనే అన్నా. బాగుందా?" అంది ఆ పిల్ల సంబరంగా.

"బాగుండటమా! నా నిద్ర చెడగొట్టి పైగా బాగుందా అంటావా?"

ఆమె మొహం ముడుచుకుంది కానీ తగ్గలేదు. "అన్నా, రోజూ తెల్లారకుండా మీరు బూట్లేసుకుని టకటకా మెట్లు దిగుతుంటే మా గది తలుపు అదురుతుంది. నాకూ మెలకువ వస్తుంది. ఏనాడైనా వచ్చి అడిగానా?"

మా ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"నాలుగేళ్లు తిరిగి తిరిగితే ఈ వేసవి పని దొరికింది. షోలు ఆగిపోతే గది ఖాళీ చేసి మా అన్నయ్య కొట్లో కూచోవాలి నేను. మీ నిద్ర మీకెంతో నా పని నాకంతే అన్నా" అని పక్కకి తప్పుకుని వెళ్లిపోయింది.

"నోరు చూశావా?" అన్నాడు మా ఆయన. చూశాను. నాకు నచ్చింది కూడా, కానీ పైకి అనలేదు. రెండు రోజుల తర్వాత ఆమె డ్రమ్ము సంచీ జిప్పు ఊడిపోతే నేనే కుట్టి తీసుకెళ్లి ఇచ్చాను. నాతో వచ్చిన పిచ్చుక గదిలో పెద్ద డ్రమ్ముని చూసి దాన్ని కావలించుకుని, బుగ్గ ఆనించి నిలబడిపోయింది. ఆ అమ్మాయి వేళ్లతో మెల్లిగా తడితే దాని మొహం వెలిగిపోయింది. "చూడక్కా, తల ఆనించి ఎలా వింటోందో! పెద్ద విద్వాంసురాలే!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిర్యాదు మీద ఊరి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. సన్నగా, మొహమాటంగా ఉన్నాడు. శనివారం, షో ఊపందుకునే వేళ. స్టేడియానికి అందరికన్నా దగ్గర కిటికీ మాదే కాబట్టి మైకు బాబాయ్ ఆయన్ని మా ఇంటికే తీసుకొచ్చాడు. ఆయన చేతిలో శబ్దం కొలిచే మీటరుంది. కొసన నల్ల స్పాంజి బంతి తొడిగారు, దాని కింద అంకెలు మారుతున్నాయి. మా ఆయన గేటు దగ్గర అట్టలవాళ్లతో ఉన్నాడు, అత్తయ్య సంగతి చెప్పక్కర్లేదు, డాబా మీద.

హాల్లో కొలిచాడు. వంటింట్లో కొలిచాడు. గరిటెలు కూడా తమ వంతు సాక్ష్యం చెప్పాయి.

"పాప పడుకునే గదిలో కూడా చూడండి సార్. పసిపిల్లలు అల్లాడిపోతున్నారు" అన్నాడు బాబాయ్.

గదిలో పిచ్చుక వెల్లకిలా, నోరు తెరుచుకుని, కాళ్లు చేతులు నాలుగు దిక్కులకీ వేసి నిద్రపోతోంది. కిటికీ అద్దం జుయ్యిమంటోంది. మైకు బాబాయ్ నా వైపు వంగి రహస్యంగా, "లేపమ్మా ఒకసారి. ఏడుస్తుంది కదా, సారు రాసుకుంటాడు" అన్నాడు. ఆయన రహస్యానికి మీటర్లో అంకె ఎగిరిపడింది. ఆఫీసాయన ఉలిక్కిపడి మీటరు దూరంగా జరిపాడు.

"ఏడిపించడానికి లేపమంటారా బాబాయ్ గారూ? బాగుందండీ!"

"అది కాదమ్మా. మా మనవడు షో మొదలైతే మంచం కింద దూరుతున్నాడు. పైన కవలలిద్దరూ రాగాలు. వీధిలో పిల్లలందరూ లేచి ఏడుస్తున్నారు." ఆయనకి విసుగొచ్చింది, నేనే కావాలని పాపని జోకొట్టి పడుకోబెట్టినట్టు. "మీ పిల్ల ఒక్కతే ఎందుకు లేవదు?"

"దాని తత్వమే అంత" అని నవ్వాను.

"అదృష్టవంతురాలు" అన్నాడు ఆఫీసాయన. ఏదో రాసుకుని, చెప్పులేసుకుని పై అంతస్తుకి వెళ్లాడు.

నేను మెషిను ముందు కూచున్నాను. ఒక కర్టెను అంచు సగంలో ఉంది. కాలు పెడలు మీద పెట్టాను, దారం తెగింది. సూదిలోకి ఎక్కించబోయాను, ఎక్కలేదు. నాలికతో తడిపి మళ్లీ పెట్టాను, ఎక్కలేదు. నా కళ్లకి ఏ రోగమూ లేదు. ఎందుకు లేవదు?

లేచి గదిలోకి వెళ్లాను. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాను. బయట జనమంతా ఒక్క గొంతుతో పాడుతున్నారు. "పిచ్చుకా" అని పిలిచాను. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. ఇది లెక్కలోకి రాదు అనుకున్నాను. కిటికీ మూసేసి పక్కనే పడుకున్నాను. దాని ఊపిరి కాస్త గురకలా వస్తోంది. ఎప్పుడూ ఉండే జలుబే అనుకున్నాను.

తెల్లారింది. మా ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. వీధి నిశ్శబ్దంగా ఉంది. పిచ్చుక మెషిను కింద నాకు వీపు చేసి కూచుని గుడ్డపీలికలు పేరుస్తోంది. మామూలు గొంతుతో పిలిచాను. తిరగలేదు. ఆటలో పడితే ఏ పిల్లయినా అంతేలే అనుకున్నాను. "బిస్కెట్టు కావాలా?" అన్నాను. తిరగలేదు. చప్పట్లు కొట్టాను, గట్టిగా. తిరిగింది. కానీ నా వైపు కాదు, తలుపు వైపు. అక్కడెవరూ లేకపోయేసరికి వెర్రిమొహం వేసుకుని మళ్లీ గుడ్డపీలికల్లో పడిపోయింది.

తల తిప్పితే వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో. వచ్చి పాప వెనకాల నేల మీద కూచుంది. "నా తల్లే, నా బంగారమే, నా పిచ్చుకమ్మే" అని పిలిచింది, ఒకసారి ముద్దుగా, ఒకసారి కోపంగా, ఒకసారి పాడుతూ. తర్వాత చెయ్యి చాచి వీపు మీద వేసింది. పిచ్చుక గిరుక్కున తిరిగి నానమ్మని చూసి కిలకిలా నవ్వింది.

"వాళ్ల నాన్నకి మాటలు ఆలస్యమే గానీ" అంది అత్తయ్య, పాప జుట్టు సవరిస్తూ, "నేను వంటింట్లో చాటుగా చాక్లెట్టు కాగితం విప్పితే వీధి చివర్నుంచి పరిగెత్తుకొచ్చేవాడు."

పాపని ఒళ్లోకి తీసుకుని, "రేపు ఆసుపత్రికి పోదాం" అంది.

మధ్యాహ్నం మా ఆయన వచ్చి తినేదాకా ఆగి చెప్పాను. "నా కూతురికేం? రాయిలా ఉంది" అన్నాడు. "మీరిద్దరూ కూడబలుక్కుని ఏదో ఒకటి పుట్టిస్తారు" అని తల్లి మీద కూడా ఎగిరాడు. మేం ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితే ఆయనకి తేలికగా ఉండేదేమో. ఆ సాయంత్రం గేటు దగ్గరికి పోవాల్సిన మనిషి పోలేదు. కిందనుంచి మైకు బాబాయ్ పిలిస్తే, కిటికీలోంచి "ఒంట్లో బాలేదు" అన్నాడు. షో మొదలయ్యాక పాప మంచం పక్కన స్టూలు వేసుకుని కూచున్నాడు.

"కిటికీ తెరు" అన్నాడు నాతో.

"ఎందుకండీ?"

"తెరు."

తెరిచాను. దబదబమని లోపలికొచ్చి పడింది శబ్దం. గోడకున్న ఫొటో అదిరింది. పిచ్చుక పక్కకి ఒత్తిగిల్లి, వేలు నోట్లో పెట్టుకుని, ఇంకా హాయిగా పడుకుంది. ఆయన మోచేతులు మోకాళ్ల మీద ఆనించి దాన్నే చూస్తున్నాడు. ఒక పాట అయింది. చప్పట్లయ్యాయి. ఇంకో పాట మొదలైంది.

"ఇంకాస్త గట్టిగా వాయించరేం వీళ్లు?" అన్నాడు.

నేను కర్టెను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

చెవుల డాక్టరమ్మ మా వయసుదే. పరీక్ష చేసే గది చిన్నది. గోడల నిండా మెత్తటి దిమ్మలు, తలుపు వేయగానే నా గుండె చప్పుడు నాకు వినపడేంత నిశ్శబ్దం. నెల రోజులుగా అలాంటి నిశ్శబ్దం కోసం మా వీధంతా మొత్తుకుంటోంది. పాపని ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. స్పీకర్లోంచి మొదట చిన్న శబ్దం, తర్వాత కొంచెం పెద్దది, ఇంకొంచెం పెద్దది. నాకన్నీ వినపడుతున్నాయి, పాప తన గౌను గుండీతో ఆడుకుంటోంది. నేను తిప్పకూడదని ముందే చెప్పారు కాబట్టి దాని తల పట్టుకుని తిప్పేయాలన్న నా చేతుల్ని ఒకదానితో ఒకటి బిగించుకున్నాను. బాగా పెద్ద శబ్దం వచ్చినప్పుడు తలెత్తింది. శబ్దం విన్నందుకు బహుమానంగా మూలనున్న బొమ్మ వెలిగింది. దాన్ని చూసి నవ్వింది.

బయట మా ఆయనా అత్తయ్యా నిలబడే ఉన్నారు, కుర్చీలున్నా.

"చెవిలో పొర వెనకాల నీరు చేరి జిగురులా అయింది. రెండు చెవుల్లోనూ" అంది డాక్టరమ్మ. "నరం బాగానే ఉంది. నీళ్లలో మునిగి ఒడ్డు మీదవాళ్ల మాటలు వింటే ఎలా ఉంటుంది? పాపకి అలా వినపడుతోంది. చిన్న ఆపరేషను చేసి ఆ జిగురు తీసేసి, మళ్లీ చేరకుండా గింజంత గొట్టం పెడతాం. ముక్కు వెనకాల కండ కూడా పెరిగింది, అదీ తీసేస్తాం. సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు."

"తర్వాత వినపడుతుందా?" అంది అత్తయ్య.

"వినపడుతుంది."

"మాటలో?"

"వినపడితే అవే వస్తాయమ్మా. వెనకపడింది కాబట్టి కొన్నాళ్లు మీరందరూ ఎక్కువ మాట్లాడాలి దానితో."

"మా ఇంట్లో ఆ కొరత లేదు తల్లీ" అంది అత్తయ్య, చేతిసంచీతోనే కళ్లు తుడుచుకుంటూ.

మా ఆయన మాత్రం గొంతు సవరించుకుని, "మా ఇంటి ముందు స్టేడియంలో షోలు అవుతున్నాయి డాక్టరు గారూ. ఆ మోత వల్ల వచ్చిందా?" అన్నాడు.

"కాదు. ఇది చాలాకాలంగా ఉన్న జలుబు వల్ల. షోలకీ దీనికీ ఏం సంబంధం లేదు."

తలూపాడు. ఎవరో ఒకరి మీద కోప్పడే వీలుంటే బాగుండుననిపించి ఉంటుంది. నాకూ అనిపించింది.

ఆపరేషనుకి రోజు ఇచ్చారు. దానికి రెండు రోజుల ముందే ఊరి ఆఫీసులో ఫిర్యాదు మీద మాట్లాడటానికి రెండు పక్షాల్నీ పిలిచారు. పాప చెవుల సంగతి అప్పటికే వీధంతా పాకింది. మైకు బాబాయ్ పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. నిజంగానే బాధపడ్డాడు, పిచ్చుక తల నిమిరాడు. వెళుతూ వెళుతూ మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇవాళ నువ్వు లేచి ఒక్క మాట చెప్పు చాలు. షోల మోతకి నా పిల్ల చెవులు పోయాయి అను. అంతే. దెబ్బకి బందు. ఆపైన ఎవడూ నోరెత్తడు."

"డాక్టరు అలా చెప్పలేదు బాబాయ్."

"డాక్టరు అక్కడికొస్తుందా ఏంటి?"

మా ఆయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్లాడు. ఆఫీసులో పెద్ద బల్లకి ఒకవైపు మేం, ఇంకోవైపు స్టేడియం మేనేజరూ, షోలు పెట్టేవాళ్లూ, వాళ్ల వెనక గోడకానుకుని డ్రమ్ముల అమ్మాయీ. గోళ్లు కొరుక్కుంటోంది. మీటరాయన కొలిచిన అంకెలు చదివాడు. హద్దు దాటిన మాట నిజమే, కానీ ఆపేయాలా, తగ్గించమనాలా అన్నది బల్ల చివర కూచున్న ఆఫీసు పెద్దసారు తేల్చాలి. ఎవరైనా మాట్లాడతారా అన్నారు. బాబాయ్ మోచేత్తో పొడిచాడు. మా ఆయన లేచాడు. బస్సు డోరు దగ్గర నిలబడ్డవాళ్లని లోపలికి జరగమని అరిచే మనిషి, అక్కడ ముందు గ్లాసెడు నీళ్లు తాగాడు.

"మా పాపకి చెవుల్లో నీరు చేరింది. ఎల్లుండి ఆపరేషను. మీ అందరికీ తెలిసే ఉంటుంది" అన్నాడు.

ఆ అమ్మాయి గోరు కొరకడం ఆపేసింది. నేను ఒళ్లో చేతుల వైపు చూసుకున్నాను. ఆయన ఏం చెబుతాడో నిజంగా నాకు తెలియదు.

"దానికీ షోలకీ సంబంధం లేదు. డాక్టరే చెప్పింది. అసలు ఈ షోలే లేకపోతే ఇంకో ఏడాదికి గానీ మాకు తెలిసేది కాదు. కాబట్టి దాన్ని ఈ ఫిర్యాదులో రాయొద్దు." కుర్చీ వీపు పట్టుకున్నాడు. "అలాగని నాకు నిద్ర అక్కర్లేదని కాదు సార్. పొద్దున్నే నా వెనకాల బస్సెడు మంది కూచుంటారు. షోలు ముందే మొదలెట్టి ముందే ముగించండి. పెద్ద స్పీకర్లు మా కిటికీల మీదికి కాకుండా అటు రైలు పట్టాల వైపు తిప్పండి. అటు ఇళ్లు లేవు. అంతే నేను అడిగేది."

"ఇంతకీ నువ్వు మా వైపా, వాళ్ల వైపా?" అన్నాడు మైకు బాబాయ్. ఆయన మామూలుగా అన్నాడు గానీ బయట వరండాలో ఉన్నవాళ్లు కూడా తొంగి చూశారు.

"నేను నిద్ర వైపు బాబాయ్" అన్నాడు మా ఆయన. ముందు పెద్దసారు నవ్వాడు, తర్వాత మేనేజరు. చివరికి బాబాయ్‌కి కూడా మీసాల చాటున నవ్వు ఆగలేదు.

అలాగే తేలింది. స్పీకర్లు తిప్పుతారు, వేళ ముందుకి జరుపుతారు, మళ్లీ వచ్చి కొలుస్తారు. వారం తిరక్కుండానే ఇదంతా తన గెలుపేనని మైకు బాబాయ్ మెట్ల కింద చెబుతుంటే మేం ఇంట్లో కూచునే విన్నాం. మీటింగు అయ్యాక ఆఫీసు మెట్లు దిగుతుంటే డ్రమ్ముల అమ్మాయి మా ఆయన దగ్గరికొచ్చి, "అన్నా..." అని ఆగిపోయింది. "రేపట్నుంచి బూట్లు చేత్తో పట్టుకుని దిగుతాలే" అన్నాడు ఆయన. అన్నట్టే చేశాడు కూడా.

ఆపరేషను రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నా వేలు పట్టుకున్న పిచ్చుక చెయ్యి వదులైంది, దాన్ని లోపలికి తీసుకెళ్లారు. మేం ముగ్గురం వరండాలో ఒక బెంచీ మీద వరసగా కూచున్నాం. రోజంతా నోరు మూయని తల్లీకొడుకులిద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. తర్వాత తలుపు వెనకాల ఏడుపు వినపడింది. నాలుగైదు పిల్లల ఏడుపులున్నా మాది ఏదో ముగ్గురికీ తెలిసింది. ముగ్గురం ఒకేసారి లేచాం.

ఇంటికొచ్చేటప్పుడు బస్సు హారను మోగితే పిచ్చుక రెండు చేతుల్తో చెవులు మూసుకుని నా ఒళ్లో దూరింది. మా ఆయన కండక్టరుని చూసి గర్వంగా, "వినపడుతోంది" అన్నాడు, అతనేం అడగకపోయినా. ఇంట్లో ఇంకో కొత్త లోకం. కొళాయి తిప్పితే వెనక్కి గెంతింది. ఫ్రిజ్జు ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడి దాని గుర్రు వింది. అత్తయ్య కాగితం చింపుతుంటే మళ్లీ చింపమంది, చింపినకొద్దీ నవ్వింది. నా మెషిను తొక్కగానే మాత్రం కెవ్వుమని పారిపోయింది. పుట్టినప్పటినుంచీ దాని కింద ఆడుకున్న పిల్ల! పాపం దానికోసం మెషిన్ని వంటింట్లోకి మార్చి, తలుపేసుకుని కుట్టాను. ఉక్కపోసింది. నాకేం బాధనిపించలేదు.

మాటలు వెంటనే ఏం రాలేదు. ఒక్కొక్కటీ వచ్చాయి. "మ్మ" కాస్తా "అమ్మ" అయిన రోజున మైకు బాబాయ్ కన్నా గట్టిగా వీధికి వినపడేలా అరిచింది అత్తయ్య.

వేసవి ఆఖరి షో శనివారం వచ్చింది. స్పీకర్లు అటు తిప్పాక మా వైపు మోత బాగా తగ్గింది, గరిటెలు మోగడం మానేశాయి. మా ఆయన తిని, చెవుల్లో దూది పెట్టుకుని, అటు తిరిగి పడుకున్నాడు. పాపని నేను జోకొట్టాను. నేను మడతలు పెడుతున్న చివరి కర్టెను ఇంకా చేతిలోనే ఉంది, బయట డ్రమ్ములు ఒక్కసారి దడదడలాడాయి.

గదిలోంచి ఏడుపు.

మొదట వచ్చింది అత్తయ్య, చేతిలో మడత కుర్చీతో సహా. "లేచింది! అమ్మాయ్, పిల్ల లేచింది!" అంది, లాటరీ తగిలినట్టు. మా ఆయన చెవిలో దూదితోనే పరిగెత్తుకొచ్చాడు. పిచ్చుక మంచం మీద కూచుని, జుట్టు మొహం మీద పడి, మండిపడుతూ, గుక్కపట్టి ఏడుస్తోంది. మేం ముగ్గురం గుమ్మంలో నిలబడి దాన్ని చూసి నవ్వుతున్నాం. అంతకు మించి దానికి కోపం తెప్పించే పని ఇంకోటి ఉండదు.

మా ఆయన దాన్ని భుజాన వేసుకున్నాడు. "దా, వాళ్లెవరో చూసి అరిచొద్దాం" అని మెట్లెక్కాడు. "పొద్దున్నే డ్యూటీ ఉందిరా!" అంటూనే కుర్చీ పట్టుకుని వెనకాలే అత్తయ్య. "ఉంటే ఉంది, పాట అయ్యాక పడుకుంటాలే" అన్న మాట మెట్ల మీంచి వినపడింది. తర్వాత డాబా మీద అడుగుల చప్పుడు. తర్వాత పిచ్చుక గొంతు, ఏడుపు కాదు, ఏదో అడుగుతోంది.

నేనూ వెళదామనుకున్నాను. ముందు ఒక్క నిమిషం నడుం వాలుద్దామని పాప మంచం మీదే పడుకున్నాను. పరుపు ఇంకా వెచ్చగా ఉంది. కిటికీ తెరిచే ఉంది. బయట డ్రమ్ములు, జనం, ఈలలు. నా ఒళ్లు బరువెక్కి పరుపులోకి దిగబడిపోతోంది. చాలా రోజులుగా నేను సరిగా పడుకోలేదని అప్పుడే తెలిసింది.

వాళ్లెప్పుడు కిందికొచ్చారో, షో ఎప్పుడు ముగిసిందో నాకు తెలియదు. పొద్దున కళ్లు తెరిచేసరికి ఎండ గది మధ్యకి వచ్చేసింది, మా ఆయన ఎప్పుడో వెళ్లిపోయాడు, వంటింట్లో నానమ్మా మనవరాలూ ఏదో వాదించుకుంటున్నారు.